మన ఊక, మన పత్తి కట్టె – లాభం ఎవరిది?



దాచేపల్లి, నడికుడి చుట్టూ నేల తవ్వితే సున్నపురాయి. ఆ రాయి కోసమే ఇక్కడ సిమెంటు ఫ్యాక్టరీలు వెలిశాయి. దాన్ని సుమారు 1,450 డిగ్రీల వేడిలో కాల్చి క్లింకర్ చేస్తారు. స్వచ్ఛమైన సున్నపురాయి 100 కిలోలు కాలితే 44 కిలోలు కార్బన్ డయాక్సైడ్‌గా గాలిలో కలుస్తుంది. బొగ్గు పొగ దీనికి అదనం. అందుకే ఇప్పుడు చాలా దేశాలు క్లింకర్ తగ్గించి, బూడిదలు కలిపే సిమెంటు వైపు చూస్తున్నాయి. మంచిదే. క్వారీ గుంత ఒక్క గజం తగ్గినా మన చేలకు మేలే. కానీ ఆ సిమెంటుకు కావలసిన సరుకులో మనదీ ఉంది. దానికి ధర ఎవరిస్తారు?

సాగర్ కుడి కాలువ కింద పండిన ధాన్యం క్వింటా మర ఆడిస్తే సుమారు 20 కిలోల ఊక వస్తుంది. 700 డిగ్రీలు దాటకుండా అదుపులో కాలిస్తే నాలుగు కిలోల బూడిద మిగులుతుంది. అందులో అధిక భాగం సిలికా. సిమెంటు నీటితో కలిసినప్పుడు పుట్టే సున్నాన్ని అది పట్టుకుని గట్టిపడుతుంది. ఇష్టం వచ్చినట్టు మండిస్తే ఆ గుణం తగ్గిపోతుంది. ఇక పత్తి కట్టె, మిరప కట్టె ఫ్యాక్టరీ బట్టీలో బొగ్గుకు బదులు మండుతాయి. మనమేమో ఊకను మిల్లుకు వదిలేస్తున్నాం, కట్టెను చేలోనే తగలబెడుతున్నాం.

"చెత్తకు ధరేమిటి?" అనేవాళ్లకు థర్మల్ కేంద్రాల బూడిదే జవాబు. 1999లో కేంద్రం ఆ బూడిదను పదేళ్లపాటు ఉచితంగా ఇవ్వాలంది. గిరాకీ పెరిగాక, 2009లో అమ్ముకోనిచ్చింది. నేడు ఫ్లై యాష్ సిమెంటు బస్తాలో 15 నుంచి 35 శాతం వరకు ఆ బూడిదే. కరెంటు సంస్థ బూడిద సరుకైతే, రైతు పండించిన ఊక చెత్త ఎలా అవుతుంది?

ఇంకో మాట. 2023లో కేంద్రం కార్బన్ క్రెడిట్ల వ్యాపార పథకం తెచ్చింది. సిమెంటు రంగమూ అందులో ఉంది. లక్ష్యానికి మించి కాలుష్యం తగ్గించిన ఫ్యాక్టరీ సర్టిఫికెట్లు పొంది అమ్ముకోవచ్చు. మన కట్టె మండించి తగ్గించిన కాలుష్యానికి ఫ్యాక్టరీకి డబ్బొస్తే, కట్టె కొట్టిన రైతుకు వాటా ఏదీ?

దళారీ మధ్యలో దూరకముందే మనం కదలాలి. మన డిమాండ్లు ఇవి:

1. పత్తి, మిరప కట్టెకు టన్నుకు కనీస ధర ప్రకటించాలి. కొట్టుడు కూలి, ట్రాక్టరు బాడుగ అందులో కలపాలి.

2. ధాన్యం లెక్కలో ఊక విలువ రైతుకు చూపాలి.

3. కార్బన్ క్రెడిట్ల రాబడిలో కట్టె, ఊక ఇచ్చిన రైతుకు వాటా ఉండాలి.

4. గనుల ప్రభావిత ప్రాంతాల కోసమే ఉన్న జిల్లా ఖనిజ నిధి నుంచి రైతు సహకార సంఘాలకు కట్టె ముక్కలు చేసే యంత్రాలు, ఊక కాల్చే బట్టీలు ఇవ్వాలి.

ఒక్క జాగ్రత్త. నేలకు కావలసినంత కట్టెను ముక్కలు చేసి దున్నుకున్నాకే మిగిలింది అమ్మాలి. గులాబీ పురుగు దాగే కట్టెను గట్ల మీద కుప్పలేయొద్దు. పత్తి తీతలు ముగిసేలోపు ప్రతి గ్రామ శాఖ ఈ డిమాండ్లపై తీర్మానం చేసి మండల కార్యాలయంలో అందజేయాలి. మన నేలలో రాయి పోయింది, కనీసం మన చేలో కట్టెకైనా ధర కట్టించుకుందాం.