ఉద్యమానికి చందా

ఉద్యమానికి డబ్బెందుకని అడిగేవారికి జవాబు నంద్యాల, ఆళ్ళగడ్డల్లోనే ఉంది. 2019లో ఆళ్ళగడ్డ ప్రాంతంలో యురేనియం అన్వేషణ బోర్ల మీద అలజడి రేగింది. కడప జిల్లా తుమ్మలపల్లె గని చుట్టుపక్కల రైతులు తమ బోరునీరు చెడిందని మొరపెట్టుకోవడం ఇక్కడివారికి తెలుసు. నిరసన తెలపడం మంచిదే. కానీ ఆవేశం చల్లారాక మిగిలేది కాగితాల యుద్ధం.

అందులో రుసుములు స్వల్పమే. సమాచార హక్కు దరఖాస్తుకు 10 రూపాయలు. చెన్నై హరిత ట్రిబ్యునల్లో, పరిహారం కోరని అర్జీకి 1000 రూపాయలు. అయితే నీటి పరీక్షలకు, ఆంగ్లంలో వందల పుటలుండే నివేదికను చదివి చెప్పే నిపుణుడికి, చెన్నై ప్రయాణాలకు ఎవరిస్తారు?

విదేశీ విరాళాలు పొందే సంస్థ వాటిని వేరొక సంస్థకు ఇవ్వరాదని 2020లో చట్టాన్ని సవరించారు. పట్నపు పెద్ద సంస్థ నుంచి పల్లెకు పారే పాయ అలా ఎండిపోయింది. కంపెనీల సామాజిక బాధ్యత నిధులు మొక్కలు నాటడానికి వస్తాయి గాని, కంపెనీలను ప్రశ్నించడానికి రావు కదా!

నా మట్టుకు చందాయే సరైన దారి. పరాయి సొమ్ముకు "ఎవరో ఆడిస్తున్నారు" అనే నింద తప్పదు. ఊరి సొమ్ముకు లెక్క రచ్చబండ మీద చదివితే చాలు. భారత పౌరసత్వం ఉన్న ప్రవాసి తన సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపేది విదేశీ విరాళం కాదని కూడా మిత్రులు గమనించాలి. ఒక్కసారి లక్ష కన్నా, నెలనెలా వచ్చే వంద మేలు.

పారువేటకు అహోబిలేశుడు ఊరూరా కదిలివస్తే సంబరంగా ఎదురేగే పల్లెలివి. తాము తాగే నీటి కోసం అడిగితే కాదంటాయా? అడిగేవాళ్ళే కావాలి.