మీట నొక్కిన చాలునా?

హైదరాబాదు నగరమున నాంపల్లి మైదానములో ఏటేట జనవరి మాసమున అఖిల భారత పారిశ్రామిక ప్రదర్శనము ప్రారంభమగును. నగరవాసులు దానిని నుమాయిష్ అందురు. 1938లో ఉస్మానియా విశ్వవిద్యాలయ పట్టభద్రులు దానిని పబ్లిక్ గార్డెన్సులో ఆరంభించిరి. 1946లో అది నాంపల్లికి మారినది. ఇచ్చట తయారైన వస్తువులను ఇచ్చటి ప్రజలకు పరిచయము చేయుట వారి ఆశయము. ఇట్టి ప్రదర్శనములకు మీలో పెక్కుమంది పోయియుందురు. అంగడి వెంట అంగడి చూచుచు నడచి, కాళ్లు నొచ్చి ఇల్లు చేరిన పిమ్మట, "ఏమి చూచితివి?" అని ఎవరైన అడిగినచో, తినిన మిరపకాయ బజ్జీలు తప్ప మరేమియు జ్ఞాపకమునకు రాని అనుభవము నాకును కలదు.

ఈ లోపము వర్తకులకును తెలియును. అందుచేతనే నేటి వాణిజ్య ప్రదర్శనములలో వ్రేలితో తాకినంతనే బొమ్మలు మారెడి తెరలు, ధరించిన వెంటనే మరియొక లోకమును చూపెడి కళ్లద్దములు, మనిషి దగ్గరకు రాగానే వెలిగెడి దీపములు వెలసినవి. చూచువానిని ఊరక నిలువనీయక, వానిచేత ఏదో యొక పని చేయించుట వీని లక్ష్యము. లక్ష్యము మంచిదే. కాని చేయి కదలినంత మాత్రమున మనసు కదలునా?

ఈ ఆలోచన క్రొత్తది కాదు. 1876లో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున జరిగిన గొప్ప ప్రదర్శనములో అలెగ్జాండర్ గ్రాహంబెల్ తన టెలిఫోనును ఉంచెను. బల్లమీద నున్న ఆ చిన్న పరికరమును కంటితో చూచి ఎవరు ఏమి గ్రహింపగలరు? జూన్ 25వ తేదీన బ్రెజిల్ చక్రవర్తి రెండవ పెడ్రో దానిని తన చెవికి ఆనించుకొనెను. శాలలో దూరమున నిలిచి బెల్ పలికిన పలుకులు ఆయనకు వినబడెను. అచ్చటి శాస్త్రజ్ఞులును తామే విని పరీక్షించిరి. ఎన్ని కరపత్రములు పంచినను కాని పని ఒక చెవి వలన అయినది. అందు అలంకారమేమియు లేదు. విన్నవానికి ఆ వస్తువే బదులు చెప్పినది.

జర్మనీలోని మ్యూనిక్ నగరమున 1903లో డాయిచెస్ మ్యూజియమును స్థాపించిన ఆస్కార్ ఫాన్ మిల్లర్ అను ఇంజనీరు ఈ రహస్యమును బాగుగా ఎరిగినవాడు. అద్దాల వెనుక యంత్రములను దాచి, "తాకరాదు" అని పలక వ్రేలాడదీయుట ఆయనకు నచ్చలేదు. సందర్శకులు తామే మీటలు నొక్కి, పిడులు త్రిప్పి, యంత్రము పనిచేయు తీరును చూడవలెనని ఆయన ఏర్పాటు చేసెను. తరువాత 1969లో సాన్ ఫ్రాన్సిస్కో నగరమున ఎక్స్‌ప్లొరేటోరియమును నెలకొల్పిన ఫ్రాంక్ ఆపెన్‌హైమర్ మరియొక అడుగు ముందుకు వేసెను. ఆయన భౌతికశాస్త్రవేత్త; కొంతకాలము ఉన్నత పాఠశాలలో బోధించినవాడు. పిల్లలు తప్పు చేయుటకును చోటుండవలెనని ఆయన శాలను చూచినవారికి తోచును. మీట నొక్కిన ప్రతివానికి ఒకే ఫలితము వచ్చినచో అది ప్రయోగము కాదు గదా! ఎక్కువగా త్రిప్పిన నొకటి, తక్కువగా త్రిప్పిన నొకటి, తలక్రిందులుగా త్రిప్పిన వేరొకటి కావలెను. అప్పుడే "ఎందుచేత?" అను ప్రశ్న పుట్టును.

దీనికి విపరీతమైన ఉదాహరణము ఒకటి కలదు. 1967లో కెనడాలోని మాంట్రియల్ నగరమున ప్రపంచ ప్రదర్శనము జరిగినప్పుడు, నాటి చెకొస్లొవేకియా మంటపములో కినోఆటోమాట్ అను చలనచిత్రమును చూపిరి. ప్రతి ఆసనమునకు ఎఱ్ఱ మీట, ఆకుపచ్చ మీట ఉండెను. కథ చిక్కుముడి పడినచోట చిత్రము ఆగును. కథానాయకుడు ఏమి చేయవలెనో ప్రేక్షకులు మీటలు నొక్కి తీర్పు చెప్పుదురు. అధిక సంఖ్యాకుల తీర్పు ననుసరించి కథ సాగును. జనులు ఉప్పొంగిపోయిరి. అయితే వారు ఏ మీట నొక్కినను కథ తిరిగి తిరిగి ఒకే ముగింపునకు చేరునట్లు దానిని తీర్చిరి! అది తెలిసి చేసిన పరిహాసము కనుక నాకు ముచ్చట గొలుపును. తెలియక అదే పని చేయు అంగళ్లు నేడు ఎన్నియో కలవు. చక్రము త్రిప్పుమందురు, బహుమానమందురు, నీ ఫోను నంబరు వ్రాసికొందురు. వారు అమ్మునది పంపుసెట్టో, ప్రెషరు కుక్కరో త్రిప్పినవానికి తెలియనే తెలియదు. అచ్చట యంత్రమును వాడినది సందర్శకుడు కాదు. వానినే యంత్రము వాడుకొన్నది.

ఇట్లన్నంత మాత్రమున తెరలు, కళ్లద్దములు పనికిరానివని తలపరాదు. చేతికందని వస్తువులు లోకమున కోకొల్లలు. మండుచున్న సిమెంటు బట్టీలోనికి ఎవరు దూరగలరు? జలవిద్యుత్కేంద్రములో నీటి వడికి తిరుగు టర్బైను నడుమ ఎవరు నిలువగలరు? అట్టిచోట కళ్లద్దములు ధరించి లోపలికి పోవచ్చును. నీటిద్వారమును కొంచెము మూసి, దీపములు ఎంత మసకబారునో చూడవచ్చును. చూచువాని చేతకు తగిన ఫలితమును లెక్కగట్టి చూపు తెర నిజముగా గురువువంటిది. చిత్రములను వరుసగా మార్చు తెర కేవలము ఖరీదైన పుస్తకము. పుటలు త్రిప్పుటకు విద్యుచ్ఛక్తి కావలెను, అంతే.

కొన్నేండ్ల క్రిందట నేనొక చేనేత ప్రదర్శనమునకు పోతిని. ద్వారముచెంత పెద్ద తెర యుండెను. వ్రేలు పెట్టినచో చీర రంగులు మారుచుండెను. పిల్లలు గుంపుగా వచ్చి, రెండు నిమిషములలో విసుగుచెంది వెడలిపోవుచుండిరి. లోపల మూలన ఒక వృద్ధుడు మగ్గముమీద నేయుచుండెను. పదేండ్ల బాలిక ఒకతె రెప్పవేయక చూచుచుండగా, ఆయన జరిగి చోటిచ్చి, "రా తల్లీ, నీవును ఒకసారి నాడె విసరి చూడుము" అనెను. ఆమె విసరెను. నాడె సగములో చిక్కి, పడుగుపోగు ఒకటి తెగెను. బాలిక ముఖము చిన్నబోయినది. ఆయన నవ్వి, తెగిన కొసలను వ్రేళ్ల నడుమ నలిపి అతికి, మరల నాడెను ఆమె చేతికిచ్చెను. నేను ప్రదర్శనమంతయు తిరిగి గంట తరువాత వచ్చి చూచునప్పటికి ఆ బాలిక అచ్చటనే యున్నది. "తాతా, ఒక చీరకు ఎన్ని పోగులు పట్టును?" అని అడుగుచున్నది.