పువ్వు పుట్టగానే పరిమళిస్తుందా?

ఏటా జూన్ నెలలో అమెరికా బాస్కెట్‌బాల్ లీగు ఎన్‌బీఏలోని 30 జట్లు న్యూయార్క్‌లో చేరి కొత్త కుర్రాళ్ళను ఎంచుకుంటాయి. దీన్నే డ్రాఫ్ట్ అంటారు. అక్కడ రాత్రి అయితే ఇక్కడ పినాంగ్‌లో మర్నాటి పొద్దున. ఆ వేళకు మనలో కొందరు కంపెనీ బస్సు ఎక్కుతుంటారు, కొందరు నైట్ షిఫ్టు దిగి పక్క మీద వాలుతుంటారు. అందుకే క్యాంపుల్లో ఆ మాట పెద్దగా వినపడదు. అయినా ఈ వారం ఆ సంగతే చెప్పుకుందాం. అక్కడ కోటీశ్వరులకు ఎదురయ్యే చిక్కూ, ఇంటి దగ్గర మన పిల్లల విషయంలో మనకు ఎదురయ్యే చిక్కూ ఒకటే గనక.

ఐపీఎల్ వేలం మనకు తెలిసిందే. ఎక్కువ డబ్బు పాడినవాడిదే ఆటగాడు. డ్రాఫ్ట్‌లో వేలం ఉండదు. జట్లు వరసగా ఒక్కొక్క పేరు చెప్పాలి. ముందు స్థానాలకు లాటరీ తీస్తారు. కిందటి ఏడు బాగా ఓడిన జట్టుకు అందులో అవకాశం ఎక్కువ. రెండు విడతల్లో 60 దాకా పేర్లు పిలుస్తారు. అంతకు ముందే షికాగోలో కుర్రాళ్ళను నిలబెట్టి కొలుస్తారు. బూట్లు లేకుండా ఎత్తు, చాచిన చేతుల పొడవు, ఎగిరే ఎత్తు, పరుగు వేగం, వైద్య పరీక్ష, ఇంటర్వ్యూ. ఇంత చేసినా గురి తప్పుతూనే ఉంది.

1984లో పోర్ట్‌లాండ్ జట్టుకు రెండో స్థానం వచ్చింది. వాళ్ళకు పొడుగాటి ఆటగాడు కావాలి. అందుకని ఏడడుగుల శామ్ బౌయీని తీసుకున్నారు. కాలి ఎముక గాయంతో అతను అప్పటికే కాలేజీలో రెండు సీజన్లు ఆడలేకపోయాడు. తర్వాత కూడా గాయాలు అతన్ని వదల్లేదు. వాళ్ళు వదిలేసిన కుర్రాణ్ణి మూడో స్థానంలో షికాగో తీసుకుంది. అతని పేరు మైకేల్ జోర్డాన్.

2014లో నికోలా యోకిచ్ అనే సెర్బియా కుర్రాడి పేరు 41వదిగా పిలిచారు. బొద్దుగా, నెమ్మదిగా ఉండేవాడు. అతని పేరు పిలిచే సమయానికి టీవీలో తినుబండారాల ప్రకటన నడుస్తోంది. ఆ కుర్రాడే 2021, 2022, 2024లలో లీగులో అత్యుత్తమ ఆటగాడయ్యాడు.

మనం గుర్తుపెట్టుకోవలసిన పేరు మరొకటి ఉంది. యానిస్ అంటెటోకున్‌పో. నైజీరియా నుంచి బతుకుతెరువు కోసం గ్రీసు వెళ్ళిన దంపతుల కొడుకు. ఏథెన్స్‌లోనే పుట్టినా ఆ దేశపు పౌరసత్వం 2013 దాకా రాలేదు. అన్నతో కలిసి వీధుల్లో గడియారాలు, కళ్ళజోళ్ళు అమ్మాడు. గ్రీసులో రెండో అంచె లీగులో ఆడుతున్న ఆ బక్కపలచని కుర్రాణ్ణి 2013లో మిల్వాకీ జట్టు 15వ స్థానంలో తీసుకుంది. ఎంపికైన తర్వాత కూడా అతను ఎత్తు పెరిగాడు, కండ పట్టాడు. 2021లో ఆ జట్టుకు కప్పు తెచ్చాడు. 2013లో అందరికంటే ముందు పేరు పిలిపించుకున్న ఆంథొనీ బెన్నెట్ నాలుగేళ్ళకే లీగు నుంచి కనుమరుగయ్యాడు.

నిపుణులంతా గుడ్డివాళ్ళని మేము అనడం లేదు. 2003లో 18 ఏళ్ళ లెబ్రాన్ జేమ్స్‌ను మొదటి స్థానంలో తీసుకున్నవాళ్ళు సరిగ్గానే చూశారు. ఎత్తు ఉన్నంత మాత్రాన ఆట వచ్చేయదన్నదీ నిజమే. పంజాబ్ రైతుబిడ్డ సత్నామ్ సింగ్ 7 అడుగుల 2 అంగుళాలు. 2015లో డల్లాస్ జట్టు 52వ స్థానంలో తీసుకుంది. భారతదేశంలో పుట్టి డ్రాఫ్ట్‌లో ఎంపికైన మొదటివాడు అతనే. కానీ ఎన్‌బీఏ సీజన్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేకపోయాడు.

కొలవగలిగేది ఈ రోజు ఉన్న శరీరాన్నే. రేపటి శరీరాన్ని, ఓడిన మర్నాడు మళ్ళీ లేచి మైదానానికి వెళ్ళే పట్టుదలను, నేర్పే గురువు ఓపికను కొలిచే టేపు లేదు. ఈ మాట మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. మనల్నీ ఒకనాడు అలాగే కొలిచారు. ఊళ్ళో ఏజెంటు ఎత్తు, బరువు చూశాడు. ఇక్కడ దిగాక ఫోమెమా పరీక్షలో రక్తం, ఎక్స్‌రే చూశారు. లైన్ మీద ఎవరు నిలబడతారు, తోటివాడికి జ్వరమొస్తే గంజి కాచి ఎవరు ఇస్తారు అన్నది ఆ కాగితాల్లో ఎక్కడైనా ఉందా? రెండేళ్ళు కలిసి పనిచేస్తేగాని తెలియదు.

చూసే కన్ను ఎలా ఉండాలో మన పక్కనే ఉదాహరణ ఉంది. వంతెన దాటితే బుకిట్ మెర్తాజమ్. లీ చోంగ్ వెయ్ పెరిగిన ఊరు. చిన్నప్పుడు అతనికి ఇష్టమైన ఆట బాస్కెట్‌బాలే. బయటి కోర్టులో ఎండ మండిపోతుందని తల్లి వద్దంది. 11 ఏళ్ళప్పుడు తండ్రి వెంట బ్యాడ్మింటన్ హాలుకు వెళ్ళాడు. అక్కడ తే పెంగ్ హువాట్ అనే స్థానిక కోచ్ పిల్లవాడి ఆట చూసి, నేర్పిస్తానని తండ్రిని అడిగాడు. బడి అయ్యాక రోజూ నేర్పాడు. 2000లో, 17 ఏళ్ళకు, జాతీయ జట్టులోకి వెళ్ళాడు. ఆ తర్వాత మూడు ఒలింపిక్ రజతాలు, 349 వారాలు ప్రపంచ నంబర్ వన్.

మన అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్ సంగతీ అంతే. 2014లో హైదరాబాదు వెళ్ళి గోపీచంద్ అకాడమీలో చేరాడు. అతన్ని ముంబై కుర్రాడు చిరాగ్ శెట్టితో జతకట్టించింది మలేషియా కోచ్ టాన్ కిమ్ హెర్. ఇద్దరూ పొడుగు, ఇద్దరూ వెనక నుంచి బాదేవాళ్ళే. ఈ జత కుదరదని మొదట ఆ కుర్రాళ్ళే అనుకున్నారు. కోచ్ వాళ్ళు ఏం కాగలరో చూశాడు, దగ్గరుండి నేర్పాడు. 2023 అక్టోబరులో ఆ జోడీ ప్రపంచ నంబర్ వన్ అయింది.

ఇక మన ఇంటి సంగతి. "మీవాడిలో మంచి ఆటగాడున్నాడు, అకాడమీలో చేర్పించండి, లక్ష కట్టండి" అని ఇంటికి కబురు వస్తుంది. ఇంటివాళ్ళు మనకు ఫోను చేస్తారు. ఆ లక్ష మన ఎన్ని నెలల ఓవర్‌టైమో మనకే తెలుసు. కాదంటే బిడ్డ భవిష్యత్తు చెడగొట్టామన్న బాధ, సరేనంటే అప్పు. అప్పుడు ఈ నాలుగూ అడగండి.

ఒకటి, మావాణ్ణి ఎన్నాళ్ళు చూసి ఈ మాట అంటున్నారు? ఒక్క పూట సెలక్షన్ చాలదు. రెండు, మావాడిలో లోపం ఏమిటి? లోపమే లేదన్నవాడు గురువు కాడు, బేరగాడు. మూడు, గాయమైతే, ఎంపిక కాకపోతే చదువు సంగతేమిటి? నాలుగు, కట్టిన ప్రతి రూపాయికీ రసీదు ఇస్తారా?

ఇంకొక మాట. పదమూడేళ్ళ లోపు పోటీల్లో సాధారణంగా గెలిచేది ముందుగా ఎదిగినవాడు. మీసం మొలిచినవాడు బంతి గట్టిగా విసురుతాడు. నాలుగేళ్ళు గడిచాక మిగతావాళ్ళూ ఎదుగుతారు, అప్పుడు అసలు ఆట తెలుస్తుంది. కాబట్టి ఇప్పటి కప్పులు చూసి పొంగిపోవద్దు, జట్టులో పేరు రాలేదని పిల్లవాణ్ణి తీసిపారేయొద్దు.

పువ్వు పుట్టగానే పరిమళిస్తుందని మన పెద్దలంటారు. మేము కాదనడం లేదు. అయితే కొన్ని మొక్కలు మొగ్గ తొడగడానికే ఏళ్ళు పడుతుంది. నీళ్ళు పోసేవాళ్ళు అంతదాకా ఆగాలి. మనం రెండేళ్ళకొకసారి ఇంటికి వెళ్ళేవాళ్ళం. వెళ్ళగానే పిల్లవాణ్ణి గోడకు నిలబెట్టి ఎంత పెరిగాడో చూస్తాం. ఈసారి వాడు ఆడుతుంటే గట్టు మీద ఒక పూట కూర్చోండి. ఎవరూ చూడటం లేదనుకున్నప్పుడు వాడు ఏం చేస్తున్నాడో గమనించండి. డబ్బు పంపాలా వద్దా అన్నది ఆ తర్వాత ఆలోచించవచ్చు.