సిరుమలై దిగే బండికి ఏ క్రౌన్ వేయాలి?



పోయిన వారం మన గుంపులో ఒక ఫోటోకి వచ్చినన్ని జవాబులు ఈ మధ్య దేనికీ రాలేదు. పెళ్లి ఫోటో కాదు, గుడి కుంభాభిషేకం ఫోటో కాదు. పళ్లు విరిగిన ఒక క్రౌన్, పక్కనే నల్లగా మాడిన పినియన్. మన అబ్బాయి ఒకడు రెండేళ్లుగా ప్రాణం పెట్టి తయారు చేసుకున్న పాత జీపు పికప్ నత్తం రోడ్డులో నిలిచిపోయింది. బాడీ కోసినాడు, వెడల్పు టైర్లు వేసినాడు, రంగు కొట్టించినాడు. ఊళ్లో పిల్లలంతా నిలబడి చూసే బండి అది. మన అన్నదానం గిన్నెలు మోసేదీ ఆ బండే. అందుకే ఇది వాడి ఒక్కడి సంగతి కాదని మేము రాస్తున్నాము.

జవాబులన్నీ చదివినాము. ఒకరు లోపలి చిన్న పళ్లచక్రాలను వెల్డింగు పెట్టి బిగించేయమన్నారు, ఇక విరగదట. ఇంకొకరు చెన్నై పుదుప్పేటకు పోయి పెద్ద లారీ ఆక్సిల్ తెమ్మన్నారు. ఇంకొకరు వేగం కావాలంటే 4.10 క్రౌన్ వెయ్యమన్నారు. పాత క్రౌన్ ఉంచుకొని పినియన్ ఒక్కటే మార్చితే చాలన్న పొదుపరి కూడా ఉన్నారు.

మా మాట ముందే చెప్పేస్తాము. అదే హౌసింగులో, అదే లెక్క ఉన్న కొత్త క్రౌన్, పినియన్ జతగా కొని వేయాలి. మిగిలే డబ్బు బ్రేకులకు పెట్టాలి. మేము మెకానిక్కులం కాదు, రైల్వేలో లెక్కలు రాసినవాళ్లం. అయితే ఈ విషయంలో సగం లెక్కే ఉంది.

మొదట ఆ డిఫరెన్షియల్ ఏం చేస్తుందో చూద్దాం. మన తాతల ఎడ్లబండికి ఇరుసు తిరగదు, చక్రాలు వేటికవి తిరుగుతాయి. మలుపులో లోపలి చక్రం తక్కువ, బయటి చక్రం ఎక్కువ తిరుగుతుంది, చిక్కు లేదు. రైలుకు రెండు చక్రాలూ ఇరుసుకు బిగించి ఉంటాయి. అయినా వంపులో పోతుంది, ఎందుకంటే చక్రం అంచు ఇరవైకి ఒకటి చొప్పున ఏటవాలుగా చెక్కి ఉంటుంది. అట్లుండీ బిగువు వంపులో అది కీచుమనే శబ్దం స్టేషన్ దగ్గర ఇళ్లున్నవాళ్లకు తెలుసు. మోటారు బండికి ఇంజను బలం రెండు చక్రాలకూ పోవాలి, చక్రాలు వేరువేరుగానూ తిరగాలి. ఈ రెంటినీ కలిపే పళ్లచక్రాల ఏర్పాటును 1820ల చివర్లో పెకూర్ అనే ఫ్రెంచి గడియారాల పనివాడు ఆవిరి బండి కోసం కనిపెట్టినాడు. ఇప్పటికీ మన జీపులో ఉండేది అదే పద్ధతి.

ఇక సిరుమలై దారి లెక్క. పద్దెనిమిది కొండె ఊసి మలుపులు. జీపు వెనుక చక్రాల మధ్య ఎడం నాలుగడుగులకు పైనే. బండి పూర్తిగా వెనక్కి తిరిగే ఒక మలుపులో బయటి చక్రం లోపలి చక్రం కంటే పన్నెండున్నర అడుగులు ఎక్కువ నడవాలి. మలుపు పెద్దదైనా చిన్నదైనా ఈ తేడా అంతే. అన్నీ అట్లాంటి మలుపులే అనుకుంటే పద్దెనిమిదికి 225 అడుగులు. వెల్డింగు పెట్టినాక ఈ 225 అడుగులూ టైరు ఈడ్చుకొని పోవాలి, లేదా ఆక్సిల్ షాఫ్టు మెలిపడాలి. వాన తడిలో బండి వంపు తిరగకుండా నేరుగా లోయ వైపు పోతుంది. బురదలో పందెం ఆడే బండికి వెల్డింగు పెట్టుకుంటారు, నిజమే. పైనుంచి అరటి గెలలు దింపే దారికి, బస్సు ఎదురొచ్చే దారికి అది పనికిరాదు.

రెండోది, క్రౌన్ లెక్క. ఈ పాత జీపు క్రౌన్‌కి 43 పళ్లు, పినియన్‌కి 8. భాగిస్తే 5.38. అంటే చక్రం ఒకసారి తిరగడానికి ప్రొపెల్లర్ షాఫ్టు అయిదుసార్ల పైన తిరగాలి. మన అబ్బాయి పాత 28 అంగుళాల టైరు తీసి 31 అంగుళాలది వేసినాడు. టైరు పెరిగితే బండికి లెక్క తగ్గుతుంది. 5.38ని 28తో గుణించి 31తో భాగించండి, 4.86 వస్తుంది. టైరు మార్చిన రోజే వాడు తెలియకుండా క్రౌన్ కూడా మార్చినట్టు! ఇప్పుడు దాని మీద 41కి 10 పళ్ల 4.10 వేస్తే, పాత టైరు లెక్కలో అది 3.70 అవుతుంది. కంపెనీ ఇచ్చిన లాగుడులో మూడో వంతు దగ్గర పోయినట్టు.

లాగుడు పోతే పోనీ, మెల్లగా ఎక్కుదాం అంటారు. మా భయం ఎక్కడం గురించి కాదు, దిగడం గురించి. ఘాట్ రోడ్డులో కింది గేరులో దిగేటప్పుడు బండిని పట్టి ఆపేది ఇంజను. ఆ పట్టు చక్రానికి చేరేది క్రౌన్ ద్వారానే. లాగుడు ఎంత తగ్గిందో పట్టూ అంతే తగ్గుతుంది. మిగతా భారమంతా పాత డ్రమ్ము బ్రేకుల మీద పడుతుంది. అవి వేడెక్కి పట్టు వదిలితే ఏమవుతుందో మేము రాయనక్కరలేదు. వెనుక గిన్నెల పక్కన ఎవరి పిల్లలు ఎక్కి కూర్చుంటారో మీకే తెలుసు.

ఇంకో సంగతి ఎవరూ చెప్పలేదు. ఆ బండికి ఫోర్ వీల్ లివరు ఇంకా పనిచేస్తుంది. ముందు ఆక్సిల్‌లో 43కి 8 ఉండగా వెనుక వేరే లెక్క వేస్తే, లివరు వేసిన క్షణం ముందు చక్రాలు ఒక వేగం, వెనుకవి ఒక వేగం అడుగుతాయి. గట్టి రోడ్డు మీద ట్రాన్స్‌ఫర్ కేసు విరిగిపోతుంది. మార్చితే రెండూ మార్చాలి, ఖర్చు రెండింతలు.

లారీ ఆక్సిల్ సంగతి క్లుప్తంగా. అది బలమైనదే. కానీ వెడల్పు వేరు, కట్టలు కూర్చునే సీట్లు వేరు, చక్రం బోల్టుల లెక్క వేరు, బ్రేకు పైపులు వేరు. జీపులో క్రౌన్ ఉండే గుండు భాగం నడిమధ్యలో కాక పక్కకు జరిగి ఉంటుంది. నడిమధ్యలో గుండు ఉన్న ఆక్సిల్ వేస్తే ప్రొపెల్లర్ షాఫ్టు వంకరగా తిరిగి క్రాసులు తింటుంది. పైగా 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉంది. ఆర్సీలో రాసినదానికి భిన్నంగా, కంపెనీ ఇచ్చిన కొలతలకు భిన్నంగా బండి మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీం కోర్టు కూడా చెప్పింది. విరిగిన సామాను స్థానంలో అదే సామాను వేయడం మార్పు కాదు. ప్రమాదం జరిగిన రోజు ఇన్సూరెన్సు వాడు మొదట అడిగేది ఇదే. బాడీ, టైర్ల సంగతి కూడా ఆర్టీఓ ఆఫీసులో అడిగి సరిచేసుకోవాలని అబ్బాయికి విడిగా చెప్పినాము.

పినియన్ ఒక్కటే మార్చమన్న పొదుపరికి: క్రౌన్, పినియన్ ఒకదానితో ఒకటి ఒరిపిడి పెట్టి జతగా చేస్తారు, రెంటి మీదా ఒకే నంబరు ఉంటుంది. పాత సామాను కొట్టులో ఒకటి, కొత్తది ఒకటి కలిపితే హోరు తప్పదు, మళ్లీ విరగడమూ తప్పదు. బిగించేటప్పుడు పళ్ల మధ్య సందు మిల్లీమీటరులో పదో వంతుకు, నాలుగో వంతుకు మధ్య ఉండాలి. డయల్ గేజి లేకుండా చేతితో ఊపి సరే అనేవాడి దగ్గర వదలకండి. పంటి మీద రంగు పూసి తిప్పి అచ్చు చూపించమని అడగండి. అచ్చు పంటి నడుమ పడాలి.

ఒక అబ్బాయి మమ్మల్ని అడిగినాడు: “మామా, జి.డి.నాయుడుగారు మనవారే కదా, ఆయనా విప్పి బిగించి కొత్తవి చేసినవారే కదా, మీరెందుకు అడ్డం పడతారు?” మంచి ప్రశ్నే. ఆయన 1920లో ఒక బస్సుతో పొల్లాచ్చి, పళని మధ్య మొదలుపెట్టినారు. పళని మన జిల్లాలోదే. కానీ బస్సు నడిపేవాడు ఎక్కినవాణ్ని చేర్చాలి. విప్పేవాడికి ఎందుకు విరిగిందో తెలియాలి. మేము అడ్డం పడేది విప్పడానికి కాదురా అబ్బీ, తెలుసుకోకుండా బిగించడానికి.

అసలు ఎందుకు విరిగింది? విప్పినప్పుడు మేమూ ఉన్నాము. హౌసింగులో ఆయిలు గ్లాసుడు కూడా లేదు. పినియన్ సీలు ఎప్పటినుంచో కారుతోంది. నెలలుగా కింద మరక పడుతుంటే పాత బండి అంటే కారుతుందిలే అన్నాము. అబ్బాయే కాదు, అందులో ఎక్కి తిరిగిన మేమూ అన్నాము. ఉన్న క్రౌన్ బలహీనమై విరగలేదు, ఎండి విరిగింది. ఆ సీలు అట్లే ఉంటే లారీ క్రౌన్ అయినా ఆరు నెలలే.

హైవేలో ఎనభై దాటితే ఇంజను అరుస్తోందని అబ్బాయి బాధ. 31 అంగుళాల టైరుతో, 5.38తో, ఎనభైలో ఇంజను 2,900 చుట్లు తిరుగుతుంది. అరుస్తుంది, నిజమే. ఆ బ్రేకులతో ఎనభై చాలని అది చెప్తోందనుకోవాలి. మదురైకి తొందరగా పోవాలంటే మన ఊరి నుంచి రైలుంది!

కాబట్టి మా విన్నపం ఇది. కొత్త జత, కొత్త బేరింగులు, కొత్త సీలు వేయండి. హైపాయిడ్ పళ్లకు తగిన ఇ.పి. 90 ఆయిలు పోయండి. మొదటి కొన్ని రోజులు బరువు లేకుండా ఇరవై, ముప్పై కిలోమీటర్లు నడిపి చల్లారనివ్వండి, తరువాత ఆ ఆయిలు దించి కొత్తది పోయండి. నాలుగు బ్రేకులూ విప్పి చూపించేదాకా మన పిల్లలను ఆ బండి వెనుక ఎక్కించవద్దు. ఇది సంఘంలో అందరూ ఒప్పుకోవాల్సిన మాట, అబ్బాయి ఒక్కడి మీద వేసి వదిలేది కాదు.

సీలు, ఆయిలు ఖర్చు మాది. మరక చూసి కూడా ఊరకున్నందుకు అది మా వంతు. వేరే అభిప్రాయం ఉన్నవారు రాయండి, కోపం లేకుండా మాట్లాడుకుందాం.