తాకిన చాలును

అమెరికావారు ఫుట్‌బాల్ అని పిలుచు ఆట మనము కాలితో తన్ను బంతియాట కాదు. కోడిగుడ్డు వలె సాగిన బంతిని చేత పట్టుకొని ఒకడు పరుగెత్తును. ఎదుటి పక్షమువారు అతనిని ఒడిసిపట్టి నేల గూల్చుదురు. ఈ కూల్చుట వలన 1905లో ఎందరో విద్యార్థులు గాయపడిరి, కొందరు మరణించిరి. అధ్యక్షుడు థియొడోర్ రూజ్వెల్టు కళాశాలల ప్రతినిధులను తన భవనమునకు పిలిపించి, ఆట తీరు మార్చుడని కోరవలసి వచ్చెను. మరుసటి యేడు నియమములు మారినవి.

అదే దేశమున మిత్రులు పెరళ్లలోను, తోటలలోను ఆడుకొను మరియొక విధము కలదు. అందు కూల్చుట లేదు. బంతి గలవానిని చేతితో తాకిన చాలును, ఆ పరుగు ముగిసినట్లే. శిరస్త్రాణము వలదు, భుజములకు మెత్తలు వలదు, తీర్పరియు వలదు. మన చెడుగుడులో కూతకు వచ్చినవాడు తాకి పోవును. ఇందు పరుగెత్తువాడు తాకబడును.

తీర్పరి లేకుండుటయే ఈ ఆటకు ప్రాణమని నా అభిప్రాయము. చొక్కాకు తగిలిన వ్రేలిని తగిలించుకొన్నవాడు గాక మరెవ్వ రెరుగుదురు? తాకినాడని ఒప్పుకొని తానే ఆగవలెను. మా పేటలో గుడ్డబంతితో ఇట్టి ఆటనే ఆడుకొను దినములలో నేనొకమారు తాకబడియు ఆగక గీత దాటితిని. ఎవ్వరును ఏమియు అనలేదు. మరునాడు నన్ను ఆటకు పిలువలేదు. అంతటి శిక్ష నాకు బడిలో ఎన్నడును పడలేదు.

నడుమున వ్రేలాడు గుడ్డపట్టీని లాగు పద్ధతి కూడ నున్నది. పట్టీ ఊడినదో లేదో అందరికిని కనబడును గనుక తగవు తక్కువ. 2023 అక్టోబరులో ముంబయిలో కూడిన అంతర్జాతీయ ఒలింపిక్ సంఘము దీనిని 2028 లాస్ ఏంజిలిస్ క్రీడలలో చేర్చినది, జట్టునకు ఐదుగురు. సంతోషమే. అయినను నా మక్కువ చేతితో తాకు ఆట మీదనే.

హోసూరు వీధులలో తెలుగు, కన్నడ, తమిళ బాలురు కలిసి ఆడుదురు. తగవును మూడు భాషలలో సాగును. అన్యభాషల పిల్లలతో ఆడిన మన మాట చెడునని కొందరు తల్లిదండ్రులు సాయంకాలమును ట్యూషనుకే అప్పగించుచున్నారు. నేను సమ్మతింపను. తెలుగు తరుగుచున్నది ఆటస్థలమున కాదు, మనము పలుకుట మానిన ఇండ్లలో. పిల్లలను ఐదు గంటలకు విడిచిపెట్టుడు. చీకటి పడగనే వారే వత్తురు. భోజనమువేళ ఎవడు తాకెనో, ఎవడు ఒప్పుకొనలేదో తెలుగులో చెప్పించుకొనుడు.