తొలగించిన మీట

సాఫ్ట్‌వేరుకు కొత్త కూర్పు వచ్చినదంటే, ఏవో కొత్త సదుపాయాలు చేరినవని లోకం అనుకొంటుంది. ఉన్నవాటిలో కొన్ని పోయినవన్న సంగతి ప్రకటనలలో పెద్ద అక్షరాలతో కనిపించదు. పని మధ్యలో చేయి వెదికినప్పుడు తెలుస్తుంది.

ఇందుకు విండోస్ చరిత్ర చక్కని నిదర్శనం. తెర అడుగున ఎడమ మూలనుండే ‘స్టార్ట్’ మీటను మైక్రోసాఫ్ట్ సంస్థ 1995 ఆగస్టులో విండోస్ 95తో ప్రవేశపెట్టినది. యంత్రాన్ని ఆపడానికి కూడ ‘స్టార్ట్’నే నొక్కవలసి రావడం చూచి నవ్వినవారున్నారు; నవ్వుతూనే నేర్చుకొన్నారు. పదిహేడేండ్ల తరువాత, 2012 అక్టోబరులో వచ్చిన విండోస్ 8లో ఆ మీట లేదు, అది తెరిచే పట్టికా లేదు. వేలితో తాకే పలకలకు అనువుగా రంగుల గళ్లు తెరనిండ పరచినారు. మౌస్‌తో పనిచేసే గుమాస్తాకు యంత్రాన్ని ఆపే మార్గమే వెంటనే దొరకలేదు. అది తెర కుడి అంచున దాగి ఉండేది.

సంస్థవారి వాదం తేలికగా కొట్టివేయదగినది కాదు. పట్టికను తెరవడం తగ్గుతున్నదని, తరచు వాడేవాటిని జనం అడుగుపట్టీలోనే నిలుపుకొంటున్నారని వారు లెక్కలు చూపినారు. లెక్క నిజమే కావచ్చును. కాని ఎన్నిసార్లు నొక్కినారో చెప్పే లెక్క, నొక్కిన వేళ అవసరమెంతో చెప్పదు. బావిలో పడిన బిందెను తీసే పాతాళగరిగెతో ఏడాదికి ఎన్నిసార్లు పని పడుతుంది? వాడుక తక్కువని దానిని పారవేసిన ఇల్లాలు లేదు.

పాత పట్టికను తిరిగి తెచ్చే ‘క్లాసిక్ షెల్’ వంటి చిన్న ప్రోగ్రాములను జనం వెదికి పెట్టుకొన్నారు. 2013 అక్టోబరులో 8.1తో మీట తిరిగివచ్చినది. నొక్కితే మళ్లీ ఆ గళ్లే! పట్టిక సైతం వచ్చేసరికి 2015 జూలై, విండోస్ 10 అయినది. (ఎనిమిది తరువాత పది రావడం ఏ ఎక్కాల పుస్తకంలోనిదో.)

2021లో విండోస్ 11 వచ్చినప్పుడు అడుగుపట్టీని పైకిగాని పక్కకుగాని జరిపే వీలు పోయినది. పట్టీని కొత్తగా నిర్మించినప్పుడు పాత సౌకర్యాలన్నిటిని మళ్లీ కట్టలేదు. ఎవరో పనిగట్టుకొని కత్తిరించనక్కరలేదు. తిరిగి వ్రాయకపోతే చాలును.

మన వాచకాలలోను తొలగింపులు జరిగినవి. ఌ, ౡలు నేటి పిల్లల వర్ణమాలలో సాధారణంగా కనిపించవు, అరసున్న అరుదైనది. విచారించేవారు నావంటి తెలుగు పంతుళ్లే. అయినా అరసున్నతో అచ్చయిన గ్రంథం బీరువాలో చెక్కుచెదరలేదు, కావలసినవారు తీసి చదువుకొనవచ్చును. సాఫ్ట్‌వేరు విషయంలో బీరువా తాళపుచెవి అమ్మినవారి వద్దనే ఉన్నది. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది. యంత్రం నడుస్తుంది గాని, విడిగా నమోదు చేసుకొననిదే భద్రతా సవరణలు అందవు. నమోదు చేసుకొన్నా అవి పరిమిత కాలానికే. పోనీ మారుదామంటే, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు లేని పాత యంత్రాలను విండోస్ 11 అర్హమైనవిగా అంగీకరించలేదు.

పది యంత్రాలున్న బడిలో నాలుగింటికి కొత్తది ఎక్కి, ఆరింటిలో పాతదే మిగిలిందనుకొందాము. ‘స్టార్ట్’ మీట ఎక్కడున్నదని పిల్లవాడు అడిగితే, ఆ వరుసలో మూలనున్నదని, ఈ వరుసలో నడుమనున్నదని ఉపాధ్యాయుడు రెండు విధాల చెప్పవలసి వస్తుంది.