పొదుపు పాఠాలు బిందె మోసేవారికా?

ఎండాకాలం వచ్చిందంటే చాలు, ‘నీరు పొదుపు చేయండి’ అని పాలకులు మనకు సుద్దులు చెప్పడం మొదలుపెడతారు. తెల్లారకముందే వీధి కుళాయి దగ్గర బిందె వరుసలో పెట్టి, ఆనక కలుపుకో నాటుకో పరుగెత్తే కూలి తల్లికి నీటి విలువ ఇంకొకరు చెప్పాలా?

లెక్క చూద్దాం. 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ పల్లెలో మనిషికి రోజుకు 55 లీటర్లని లెక్కగట్టింది. భూగర్భ మురుగు పైపులున్న పట్టణాలకు సర్కారు పెట్టుకున్న ప్రమాణం 135 లీటర్లు. పొద్దంతా బురదలో పనిచేసి వచ్చినవారికి ఒంటికి పోసుకునే నీళ్ళు తక్కువ పడతాయా? ఆ 55 లీటర్లయినా, దారిలో కలవారు కుళాయిలకు మోటార్లు బిగిస్తే, పైపు చివరనున్న వాడకు సన్నని ధారగానే చేరుతాయి.

అలాగని పొదుపు వద్దని మేం చెప్పడం లేదు. నీరు తక్కువ గనుకనే దాన్ని రెండుసార్లు వాడుకోవాలి. నలుగురున్న ఇంటికి 55 చొప్పున రోజుకు 220 లీటర్లు. స్నానాలకు, గిన్నెలకు, బట్టలకు అందులో సగం పోయిందనుకున్నా, 110 లీటర్లు వాకిట్లో మడుగు కట్టి దోమల్ని పెంచుతున్నాయి. చిన్న కాలువ తీసి పెరట్లోకి మళ్ళిస్తే అరటి పిలకకు, సొరపాదుకు, మునగచెట్టుకు అవే చాలు. బట్టలసోడా నీళ్ళు మాత్రం మొక్కలకు వద్దు, నేల చౌడుబారుతుంది. వాటిని బోరింగుకు దూరంగా తవ్విన ఇంకుడు గుంటలోకి వదలాలి. మొక్కలకు పొద్దు వాలాక నీళ్ళు పోసి, పాదులో ఎండాకు కప్పితే తడి త్వరగా ఆరిపోదు.

వాన నీరూ అంతే. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. 20 చదరపు మీటర్ల రేకుల ఇంటిపై 20 మిల్లీమీటర్లు కురిస్తే 400 లీటర్లు. కొంత పోయినా, చూరు కింద తొట్టి పెడితే నాలుగు రోజులు పాదులకు వస్తాయి.

కానీ పెరడంటూ ఉండాలి కదా! 2020 డిసెంబరు నుంచి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పల్లెల్లో పేదలకు పంచిన ఇంటి స్థలం సెంటున్నర. ఇల్లు కట్టాక అందులో పాదు పెట్టేందుకు చోటెక్కడ మిగిలింది? 2005 నాటి ఉపాధి హామీ చట్టం కింద ఇంకుడు గుంటలు, పొలాల్లో నీటి కుంటలు తవ్వింది మన చేతులే. ఆ కుంటల్లో ఇంకిన నీటితో భూమి ఉన్నవారి బోర్లకు బలం వచ్చింది. తవ్వినవారి ఇంటి ముందు మాత్రం ఖాళీ బిందెలే.

ఊరి బోరింగు ఎండిపోతే తప్పు చెంబుతో నీళ్ళు పోసుకున్నవారిదా, దాని పక్కనే లోతు బోరు దింపి ట్యాంకర్లతో అమ్ముకున్నవారిదా? ప్రజల తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపల సొంత అవసరాలకు కొత్త బోర్లు వేయడాన్ని 2002 నాటి వాల్టా చట్టం అడ్డుకుంటుంది. చట్టం కాగితం మీదుంటే చాలదు. ఆ దూరాన్ని టేపు పట్టి కొలిపించాలి.

కాబట్టి ఇంట్లో నీళ్ళు వృథా కానివ్వొద్దు. దాంతోపాటు వాడ వాడంతా కదిలి మూడు సంగతులు పంచాయతీని నిలదీయాలి: పైపు చివరి ఇంటికీ సమానంగా నీరు, కుళాయిలకు బిగించిన మోటార్ల తొలగింపు, పెరడుకు చోటున్న ఇంటి స్థలం. పొదుపు చేసిన నీరు మన పాదుకే చేరాలంటే ఈ పోరాటం తప్పదు.